'గెట్' గుట్టు: బెంగళూరు పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

'గెట్' అనే ఇంగ్లీషు క్రియ మీద సందేహాలుంటే రాయమని బెంగళూరు పాఠకులను కిందటి సంచికలో కోరాం. అందిన ఉత్తరాల్లో ఒకే సంగతి అడిగినవాటిని కలిపి, తక్కినవాటిని కాస్త కుదించి ఇస్తున్నాం.

ప్రశ్న: నిఘంటువులో 'గెట్' అంటే 'పొందు' అని ఉంది. 'గెట్ యాంగ్రీ', 'గెట్ అప్', 'గెట్ మ్యారీడ్' వీటిలో పొందేదేముంది? పేజీలకు పేజీలున్న అర్థాలన్నీ బట్టీ పట్టాల్సిందేనా? (డిగ్రీ విద్యార్థిని, కె.ఆర్. పురం)

జవాబు: అక్కర్లేదమ్మా. 'గెట్' పక్కన ఏ మాట కూర్చుందో చూడండి, సగం పని అయిపోతుంది. పక్కన నామవాచకం ఉంటే అందడం, దొరకడం, తెచ్చుకోవడం. 'ఐ గాట్ ఎ లెటర్' అంటే ఉత్తరం అందింది, 'గెట్ సమ్ మిల్క్' అంటే పాలు తీసుకురా. విశేషణం ఉంటే మారడం: 'ఇట్ ఈజ్ గెటింగ్ డార్క్', చీకటి పడుతోంది. చోటునో దిక్కునో చెప్పే మాట ఉంటే కదలడం, చేరడం: 'వుయ్ గాట్ టు హోసూర్ బై నూన్', మధ్యాహ్నానికి హోసూరు చేరాం. 'గెట్ అప్' కూడా ఈ కోవలోదే, పడుకున్న మనిషి పైకి లేవడం. క్రియ మూడో రూపం ఉంటే తనకు ఏదో జరగడం: 'హి గాట్ ప్రమోటెడ్'. 'టు' పెట్టి క్రియ వస్తే అవకాశం చిక్కడం: 'వుయ్ గాట్ టు సీ ద ప్యాలెస్', ప్యాలెస్ చూసే వీలు దొరికింది. వస్తువు పేరు, ఆ వెనకే మూడో రూపం వస్తే చేయించడం. దీని మీద ఇంకో ఉత్తరం ఉంది, అక్కడ వివరంగా చెబుతాం.

వీటన్నిటికీ అడుగున ఉన్నది ఒక్కటే: ఇప్పటిదాకా లేని స్థితిలోకి రావడం. తెలుగులో ఈ పనికి మనం ఎక్కువగా వాడేది 'వచ్చు'. జీతం వచ్చింది, కోపం వచ్చింది, జ్వరం వచ్చింది, సెలవు వచ్చింది. తేడా ఎక్కడంటే, మన వాక్యంలో వచ్చేది జ్వరమో జీతమో, మనిషి 'నాకు' అంటూ పక్కన నిలబడతాడు. ఇంగ్లీషు ఆ మనిషిని పట్టుకొచ్చి వాక్యానికి కర్తగా కూర్చోబెడుతుంది. తెలుగువాళ్ళు 'గెట్'తో చేసే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ మలుపులోనే జరుగుతాయి.

ఒక చిన్న జాగ్రత్త. 'గాట్ టు హోసూర్' అన్నాం కదా అని 'గెట్ టు హోమ్' అనకూడదు. హోమ్, హియర్, దేర్ ఈ మూడింటికీ ముందు 'టు' రాదు.

ప్రశ్న: ఒంట్లో బాగోక పొద్దున్నే మేనేజరుకు 'ఐ గాట్ ఫీవర్' అని మెయిల్ పెట్టాను. ఆయన అమెరికన్. 'ఆర్ యు బెటర్ నౌ?' అని తిరిగి అడిగాడు. నేను సెలవు అడుగుతున్నానని ఎందుకు తట్టలేదు? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మారతహళ్ళి)

జవాబు: మీరు రాసిన 'గాట్' భూతకాలం. అది ఎప్పుడో వచ్చింది, బహుశా తగ్గి కూడా ఉంటుంది అనుకున్నాడాయన. మన భాషలో 'జ్వరం వచ్చింది' అనేది చూడటానికి భూతకాలమే అయినా చెప్పేది ఈ క్షణం సంగతి. ఇంకా తగ్గలేదనే అర్థం. 'ఆలస్యమైంది', 'అలిసిపోయాను', 'అర్థమైంది' ఇవన్నీ అంతే. రూపం నిన్నటిది, భావం ఇప్పటిది. ఇంగ్లీషులో ఒట్టి 'గాట్'కు ఆ సౌలభ్యం లేదు. కన్నడంలోనూ 'నంగె జ్వర బంతు' అనే అంటారు కాబట్టి పక్క సీటువాళ్ళు కూడా మీలాగే రాస్తారు, ఎవరికీ తేడా కనబడదు. సముద్రం దాటాకే తెలుస్తుంది.

ఉన్న స్థితి చెప్పడానికి 'హావ్' వాడండి: 'ఐ హావ్ ఎ ఫీవర్'. నిన్న రాత్రి నుంచి ఉంటే 'ఐ హావ్ హాడ్ ఎ ఫీవర్ సిన్స్ లాస్ట్ నైట్'. 'గాట్' మీద మమకారం ఉంటే ముందు 'హావ్' తగిలించండి: 'ఐ హావ్ గాట్ ఎ ఫీవర్'. అప్పుడది వర్తమానమైపోతుంది. మధ్యలో ఆ 'ఎ' వదలకండి. ఆ తర్వాతి వాక్యంలో అసలు సంగతి, అంటే ఈరోజు రాలేనని, విడిగా రాయండి. రోగం పేరు చెబితే సెలవు అడిగినట్టే అనుకోవడం మన ఆఫీసుల అలవాటు.

ఇదే 'వచ్చు' నుంచి పుట్టిన తమ్ముళ్ళు ఇంకా ఉన్నారు. సందేహం వచ్చింది కనుక 'ఐ గాట్ ఎ డౌట్' అంటాం. ఇంగ్లీషులో 'డౌట్' అంటే నమ్మకం లేకపోవడం. శిక్షణలో చెయ్యెత్తి ఆ మాట అంటే, మీరు చెప్పేది నిజమేనా అని నిలదీసినట్టు ఉంటుంది. 'ఐ హావ్ ఎ క్వశ్చన్' చాలు. నిద్ర రావడం లేదు: 'ఐ యామ్ నాట్ గెటింగ్ స్లీప్' కాదు, 'ఐ కాంట్ స్లీప్'. పేరు గుర్తు రావడం లేదు: 'ఐ కాంట్ రిమెంబర్ హిజ్ నేమ్'. కోపం వస్తే 'గెటింగ్ యాంగర్' కాదు, 'గెటింగ్ యాంగ్రీ', ఎందుకంటే మారడం అనే అర్థం కావాలంటే పక్కన విశేషణం ఉండాలి. 'ఐ యామ్ గెటింగ్ లేట్' అన్నది మరీ ఎక్కువ వినబడుతుంది. 'ఇట్ ఈజ్ గెటింగ్ లేట్' అంటే పొద్దుపోతోంది. నాకు ఆలస్యమవుతోంది అనాలంటే 'ఐ యామ్ రన్నింగ్ లేట్'.

అయితే 'నాట్ గెటింగ్' ప్రతిచోటా తప్పు కాదు. 'ఐ యామ్ నాట్ గెటింగ్ ఎ సిగ్నల్' నిక్షేపంలాంటి వాక్యం. సిగ్నల్ నిజంగా బయటినుంచి అందే వస్తువు, నిద్ర కాదు.

ప్రశ్న: బస్సు దిగడాన్ని 'గెట్ డౌన్' అనకూడదని మా అబ్బాయికి బళ్ళో చెప్పారట. బెంగళూరులో అందరూ అదే అంటారు కదా? (గృహిణి, జయనగర్)

జవాబు: సిటీ బస్సులో కండక్టరుతో 'గెట్ డౌన్ ఎట్ మెజెస్టిక్' అనండి, ఏ ఇబ్బందీ లేదు. ఇది మన దేశపు ఇంగ్లీషులో స్థిరపడిన వాడుక. పరీక్షలోనూ పరాయి దేశంలోనూ మాత్రం 'గెట్ ఆఫ్' అనాలి.

సూత్రం సులువు. లోపల నిలబడి నాలుగడుగులు వెయ్యగలిగే వాహనాలకు ఎక్కడం 'గెట్ ఆన్', దిగడం 'గెట్ ఆఫ్': బస్సు, రైలు, మెట్రో, విమానం, ఓడ. కాళ్ళు అటూ ఇటూ వేసి కూర్చునేవాటికీ అంతే: సైకిలు, స్కూటరు, గుర్రం. వంగి దూరాల్సినవాటికి 'గెట్ ఇన్', 'గెట్ ఔట్ ఆఫ్': కారు, ట్యాక్సీ, ఆటో, చిన్న పడవ. సూత్రానికి లొంగని ఒక్కటి లిఫ్టు. అందులో నిలబడతాం, అయినా 'గెట్ ఇన్', 'గెట్ ఔట్'.

'గెట్ డౌన్' నిచ్చెన మీంచి, చెట్టు మీంచి, గోడ మీంచి దిగడానికి సరిపోతుంది. 'గెట్ డౌన్!' అని గట్టిగా అరిస్తే నేలకు వంగి దాక్కోమని. 'ఇట్ ఈజ్ గెటింగ్ మి డౌన్' అంటే దిగులు పుట్టిస్తోందని. 'గెట్ డౌన్ టు వర్క్' అంటే పనిలోకి దిగడం. ఈ ఒక్కచోట తెలుగూ ఇంగ్లీషూ ఒకే మెట్టు దిగాయి.

ప్రశ్న: 'గెట్', 'ఫర్గెట్' చుట్టాలా? గిట్టుబాటులోని మన 'గిట్టు'కూ 'గెట్'కూ ఏమన్నా సంబంధం ఉందా? కన్నడంలో 'గిట్టిసు', మలయాళంలో 'కిట్టి' వింటుంటే అనుమానం వచ్చింది. (విశ్రాంత ఉపాధ్యాయుడు, యలహంక)

జవాబు: మొదటిదానికి అవును, రెండోదానికి కాదు. రెండూ విడమరిచి చెప్పదగినవే.

'గెట్' పుట్టిల్లు ఇంగ్లండు కాదు. 9, 10 శతాబ్దాల్లో ఉత్తర, తూర్పు ఇంగ్లండులో స్థిరపడ్డ స్కాండినేవియా జనం, మనం వైకింగులు అనేవాళ్ళు, మాట్లాడిన పాత నార్సు భాషలో 'గెటా' అంటే పొందడం. ఆ మాట ఇంగ్లీషు రాతల్లో 1200 ప్రాంతం నుంచి కనబడుతుంది. 'టేక్', 'స్కై', 'దే', 'విండో' కూడా ఆ దారినే వచ్చాయి. ఇరుగుపొరుగుగా బతికితే ఇచ్చిపుచ్చుకునేవి నామవాచకాలే అనుకుంటాం. ఇక్కడ సర్వనామాలూ రోజువారీ క్రియలూ కూడా చేతులు మారాయి.

అంతకుముందు పాత ఇంగ్లీషుకు ఇదే ధాతువు సొంతంగా ఉండేది, కానీ ఒంటరిగా దాదాపు కనబడదు. ముందు ఏదో ఒక ఉపసర్గ ఉండాల్సిందే. 'బి' చేరితే సంపాదించడం, అదే తర్వాత బిడ్డను కనడమై 'బిగెట్' అయింది. 'ఫర్' చేరితే పట్టు జారిపోవడం, అదే 'ఫర్గెట్'. పట్టుకున్నది వదిలేయడమే మరవడం అన్నమాట. జర్మనులో మరవడానికి 'ఫెర్గెస్సెన్' అంటారు, అదీ ఈ కుటుంబమే.

ధ్వనిలో ఇంకో గుర్తు ఉంది. పాత ఇంగ్లీషులో 'ఎ', 'ఇ' అచ్చుల ముందు 'గ' మెత్తబడి 'య' అయ్యేది. 'యీల్డ్' లాంటి మాటల మొదట ఇప్పుడున్న 'య' ఆనాటి 'గ'యే. ఆ లెక్కన ఈ మాట సొంతగడ్డ మీదే పెరిగి ఉంటే ఈరోజు 'యెట్' అని పలకాల్సింది. గట్టి 'గ' నిలిచిందంటే అది నార్సు చలవే. 'గివ్' కథా ఇదే.

ఇంకా వెనక్కి వెళితే ఇండో యూరోపియన్ మూలభాషలో, అంటే ఇంగ్లీషు, లాటిన్, సంస్కృతం లాంటివాటికి తల్లి అనుకునే భాషలో, 'ఘెండ్' అనే ధాతువును పండితులు ఊహించారు, అర్థం పట్టుకోవడం. లాటిన్‌లో అదే 'ప్రెహెండెరె' అయింది. దాన్నుంచే ఇంగ్లీషుకు 'కాంప్రిహెండ్', 'ప్రిజన్' వచ్చాయి. బుద్ధితో పట్టుకుంటే గ్రహించడం, మనిషిని పట్టుకుంటే జైలు.

ఇక 'గిట్టు'. తెలుగులో గిట్టు, కన్నడంలో గిట్టిసు, తమిళ మలయాళాల్లో కిట్టు, ఇవి ఒక తల్లి పిల్లలు. దగ్గరవడం, చేతికందడం అనేది వీటి మూలార్థం. తెలుగులో అది సరిపడటం, లాభం రావడం వైపు జరిగింది. మలయాళీ 'కిట్టి' అంటే అచ్చంగా 'గాట్'. పోలిక ముచ్చటగా ఉంది, కాని పరీక్షకు నిలవదు. రెండు మాటలకు నిజంగా చుట్టరికం ఉంటే వెనక్కి వెళ్ళేకొద్దీ రూపాలు దగ్గరపడాలి. ఇక్కడ 'గెట్' వెనక 'గెటా', దాని వెనక 'ఘెండ్'. 'ట' పోయి 'ండ్' తేలుతోంది. మన 'కిట్టు' ఎంత వెనక్కి వెళ్ళినా 'కిట్టు'గానే ఉంది. రెండు దారులు విడిపోతున్నాయి కాబట్టి ఇది కాకతాళీయం.

ప్రశ్న: అమెరికా సంస్థ మాన్యువల్‌లో 'గాటెన్' అని చూశాను. అది తప్పు ఇంగ్లీషు కాదా? (టెక్నికల్ రైటర్, వైట్‌ఫీల్డ్)

జవాబు: కాదు, అది పాతకాలపు వాడుక. 'గాటెన్' అచ్చంగా ఇంగ్లండు సరుకు. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిలు ఆదికాండంలో, కయీను పుట్టినప్పుడు హవ్వ అనే మాటలో అది ఉంది. ఇంగ్లండులో క్రమంగా 'గాట్' దాన్ని నెట్టేసింది. అట్లాంటిక్ దాటిపోయినవాళ్ళు పట్టుకెళ్ళింది అక్కడ నిలిచింది. బ్రిటిషువాళ్ళు కూడా 'ఫర్గాటెన్' అనే అంటారు, అక్రమంగా సంపాదించినదాన్ని 'ఇల్ గాటెన్' అంటారు, అక్కడ మాత్రం ముక్కు విరవరు.

అమెరికన్లకు రెండూ ఉన్నందువల్ల ఒక వెసులుబాటు ఉంది. 'ఐ హావ్ గాట్ ఎ కార్' అంటే కారు ఉంది. 'ఐ హావ్ గాటెన్ ఎ కార్' అంటే కారు సంపాదించాను, కొన్నాను. మీ మాన్యువల్ అమెరికన్ల కోసమైతే ఈ తేడా పాటించండి. బ్రిటిషు శైలి కోరితే 'గాటెన్' తీసేయండి. ఒకే పత్రంలో రెండూ కలపకండి.

ప్రశ్న: ఇంటి ఓనరుకు 'ఐ పెయింటెడ్ ద హౌస్' అని రాస్తే, మీరే వేశారా అని ఆశ్చర్యపోయాడు. వేయించాను అని ఎలా చెప్పాలి? 'గాట్ పెయింటెడ్ ద హౌస్' సరేనా? (చిరు వ్యాపారి, బి.టి.ఎం. లేఅవుట్)

జవాబు: మీ రెండో వాక్యం సరైన దారిలోనే ఉంది, మాటల వరుస తప్పింది. 'ఐ గాట్ ద హౌస్ పెయింటెడ్'. ముందు 'గాట్', తర్వాత వస్తువు, చివర మూడో రూపం. వస్తువు ఎప్పుడూ మధ్యలోనే.

ఈ పొరపాటు ఎందుకు జరుగుతుందో గమనించండి. తెలుగులో చేయించడానికి వేరే మాట అక్కర్లేదు. క్రియకే 'ఇంచు' అంటిస్తాం: వేసి, వేయించి. కుట్టి, కుట్టించి. రెండూ ఒకే ముద్ద. ఆ అలవాటుకొద్దీ ఇంగ్లీషులో 'గాట్ పెయింటెడ్'ను కూడా ఒకే ముద్ద చేసి, వస్తువును దాని వెనక పెడతాం. 'గాట్ రిపేర్డ్ మై ఫోన్', 'గాట్ స్టిచ్డ్ మై బ్లౌజ్' ఇలాగే పుడతాయి. 'గాట్ మై ఫోన్ రిపేర్డ్', 'గాట్ మై బ్లౌజ్ స్టిచ్డ్' అనాలి. ఇక 'గాట్' అసలే మానేసి 'ఐ స్టిచ్డ్ మై బ్లౌజ్' అంటే మిషను తొక్కింది మీరే. 'ఐ కట్ మై హెయిర్' అంటే కత్తెర మీ చేతిలోనే ఉంది.

చేసిన మనిషిని కూడా చెప్పాలంటే వాక్యం మారుతుంది: 'ఐ గాట్ ద ప్లంబర్ టు ఫిక్స్ ద ట్యాప్'. గాట్, మనిషి, 'టు', మొదటి రూపం. ఆ 'టు' జారిపోవడమే ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు, ఎందుకంటే ఇదే పని చేసే మరో రెండు క్రియలకు 'టు' ఉండదు: 'ఐ హాడ్ ద ప్లంబర్ ఫిక్స్ ఇట్', 'ఐ మేడ్ ద ప్లంబర్ ఫిక్స్ ఇట్'. రంగూ వేరు. 'హాడ్' అంటే మామూలుగా పురమాయించారు. 'మేడ్' అంటే మెడ మీద కత్తి పెట్టినంత పని చేశారు. 'గాట్' అంటే నాలుగు ఫోన్లు చేసి, బతిమాలి, ఎలాగోలా రప్పించి చేయించుకున్నారు. ఆదివారం పూట ప్లంబరు విషయంలో ఏది నిజమో మీకే తెలుసు.

ఒక చిక్కు మిగిలింది. కె.ఆర్. మార్కెట్ రద్దీలో ఫోన్ పోయిందనుకోండి. 'ఐ గాట్ మై ఫోన్ స్టోలెన్' అంటే కోరి కొట్టేయించుకున్నట్టు, కనీసం మీ అజాగ్రత్త వల్లనే పోయినట్టు ధ్వనిస్తుంది. 'మై ఫోన్ గాట్ స్టోలెన్' అనండి, నేరం దొంగ మీదే ఉంటుంది.

ప్రశ్న: 'మీటింగ్ గాట్ ఓవర్' అంటే లండన్ సహోద్యోగి నవ్వింది. అసలు 'వాజ్' బదులు 'గాట్' ఎక్కడ పెట్టవచ్చు? (ప్రాజెక్ట్ మేనేజర్, ఎలక్ట్రానిక్ సిటీ)

జవాబు: 'గెట్ ఓవర్' అంటే జబ్బునుంచో దుఃఖంనుంచో తేరుకోవడం. 'షి గాట్ ఓవర్ ద ఫ్లూ'. మీటింగు దేన్నుంచి తేరుకుందో అని ఆవిడ నవ్వి ఉంటుంది. 'ద మీటింగ్ ఈజ్ ఓవర్' అనండి. పరీక్షలు, సినిమా, పెళ్ళి అన్నిటికీ ఇదే. తప్పించుకోలేని పనిని త్వరగా ముగించేద్దాం అనడానికి మాత్రం 'లెట్స్ గెట్ ఇట్ ఓవర్ విత్' అని ఉంది, అందులో చివరి 'విత్' తప్పనిసరి.

'వాజ్' బదులు 'గాట్' ఎక్కడ నప్పుతుందంటే, కర్తకు హఠాత్తుగానో కష్టంగానో ఏదైనా జరిగినప్పుడు, అదీ మాటల్లో. 'వుయ్ గాట్ స్టక్ ఎట్ సిల్క్ బోర్డ్', 'హి గాట్ ట్రాన్స్‌ఫర్డ్', 'షి గాట్ సెలెక్టెడ్'. ప్రభావం ఎవరి మీదా పడని ఒట్టి సమాచారానికి నప్పదు. విధాన సౌధ నిర్మాణం 1956లో పూర్తయింది. ఆ సంగతి చెప్పేటప్పుడు 'వాజ్ కంప్లీటెడ్' అనాలి, 'గాట్ కంప్లీటెడ్' అంటే ఆ భవనానికేదో అయిందన్నట్టు ఉంటుంది. 'గాట్ మ్యారీడ్' తర్వాత ఎవరితో అన్నది 'టు'తో చెప్పాలి, మన 'తో'ను చూసి 'విత్' పెట్టకూడదు.

ప్రశ్న: 'డిడ్ యు గాట్ ద పార్సిల్?' సరేనా? (దుకాణదారు, మల్లేశ్వరం)

జవాబు: కాదు. 'డిడ్' లోనే భూతకాలం ఉంది, ఇక 'గెట్' చాలు. 'డిడ్ యు గెట్', 'ఐ డిడ్ నాట్ గెట్'.

ప్రశ్న: ఆఫీసు ఉత్తరాల్లో 'గెట్' రాయడం మర్యాద కాదంటారు, నిజమేనా? 'గెట్ బ్యాక్ టు', 'గెట్ బ్యాక్ ఎట్' రెండూ ఒకటేనా? (కస్టమర్ సపోర్ట్ ఉద్యోగిని, బెళ్ళందూరు)

జవాబు: నోటి మాటలోనూ మామూలు మెయిల్‌లోనూ 'గెట్' అమర్యాద కాదు. కాని ఒప్పందం, నోటీసు, అర్జీ లాంటివాటిలో దాని స్థానంలో ఆ చోటుకు తగిన మాట వేస్తే అర్థం బిగుస్తుంది: అందితే 'రిసీవ్', సంపాదిస్తే 'అబ్టెయిన్', మారితే 'బికమ్', చేరితే 'అరైవ్', అర్థమైతే 'అండర్‌స్టాండ్'. ఫోన్‌లో వినబడనప్పుడు 'ఐ డిడ్ నాట్ గెట్ యు' అనకండి, 'ఐ డిడ్ నాట్ గెట్ దట్' అంటే పోతుంది. మొదటిది అవతలి మనిషినే అర్థం చేసుకోలేకపోయినట్టు ఉంటుంది.

ఇక ఆ రెండూ ఒకటి కావు సుమండీ. 'ఐ విల్ గెట్ బ్యాక్ టు యు' అంటే కనుక్కుని మళ్ళీ చెబుతాను. 'ఐ విల్ గెట్ బ్యాక్ ఎట్ యు' అంటే నీ అంతు చూస్తాను. ఫిర్యాదు చేసిన వినియోగదారుకు జవాబు రాసి 'సెండ్' నొక్కే ముందు ఆ చిన్న మాటను ఇంకోసారి చూసుకోండి.